గీకేసిన అంకె

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను బొంగరం. కుర్చీలో కూర్చుని అయిదు నిమిషాలైతే చాలు, కింద ఎవరో మంట పెట్టినట్టు లేచిపోతాడు. టీ నడుస్తూ తాగుతాడు. ఫోనొస్తే మెట్లెక్కుతూ దిగుతూ మాట్లాడతాడు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందో లేదో చూసే ఓపిక లేక వేలితో ముట్టుకుంటాడు. కుడిచేతి చూపుడువేలి కొన కాయకట్టిపోయి ఇప్పుడు దానికి వేడీ తెలియదు, చల్లనా తెలియదు. షాపులో గోడమీద 'ఆలస్యం అమృతం విషం' అని పెయింటుతో రాసుకుంటూ, చివరి సున్నా పెట్టేలోపు ఎవరో పిలిస్తే బ్రష్షు పడేసి వెళ్లాడు. పదకొండేళ్లయింది, ఆ సున్నా ఇంకా పడలేదు.

షాపంటే ఒక బల్ల, రెండు దీపాలు, గోడ నిండా డబ్బాలు. రోగుల మంచాల పక్కన ఉండే పరికరాలు బాగుచేస్తాడు: ఆక్సిజన్ మెషీన్లు, ఆవిరి పట్టేవి, బీపీ చూసేవి. పని మాత్రం వచ్చినవాడే, ఆ మాట శత్రువు కూడా ఒప్పుకుంటాడు. శత్రువంటే ఒక్కడే. వీధికి అవతలి పక్క, సరిగ్గా ఎదురుగా ఇదే పని చేస్తాడు. అతన్ని నిదానం అంటారు. ఒక మరను ఊడదీసి, తుడిచి, వరసలో పెట్టి, ఆ తర్వాతే రెండో మర జోలికి వెళ్లే రకం. వరసకి బొంగరానికి తోడల్లుడు.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర, ఒకే బల్ల మీద పని నేర్చుకున్నారు. ఆయన తన ఇద్దరు కూతుళ్లనూ ఈ ఇద్దరికే ఇచ్చి చేశాడు. పెద్దమ్మాయి నిదానానికి, చిన్నమ్మాయి బొంగరానికి. ఆయన రోజుకు పదిసార్లు అనే మాట ఒకటుండేది: "ముందు కళ్లు, తర్వాత మీటరు." చిప్ అంటే కాళ్లున్న గోరంత నల్ల పలక. దాని నెత్తిన సన్నటి అక్షరాలుంటాయి. పై వరసలో కంపెనీ గుర్తు. రెండో వరసలో దాని పేరు, ఆ పేరు చివర ఒక్క అంకె దాని రకం. మూడో వరసలో నాలుగంకెలు, ఏ సంవత్సరంలో ఎన్నో వారం తయారైందో చెబుతాయి. "జాతకమంతా నెత్తిన రాసి పంపారు. చదవకుండా చెయ్యి పెట్టేవాడు మెకానిక్కు కాదు" అనేవాడు గురువు. చివరి రోజుల్లో ఆయన చూపు మందగిస్తే, భార్య బల్ల పక్కన స్టూలు వేసుకుని ఆ అక్షరాలు చదివి వినిపించేది. అరిగిపోయి ఎవరికీ అంతుపట్టని చిప్‌లు కూడా ఆవిడ చదివేసేది. ఆవిడే ఇప్పుడు ఈ ఇద్దరికీ అత్త.

గురువు పోయాక షాపులు రెండయ్యాయి. మొదట్లో పొరపొచ్చాలేం లేవు. ఒకసారి ఒక మెషీన్‌లో చిప్ పోతే, అలాంటిది బజారులో దొరక్కపోతే, బొంగరం వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని వేరే చిప్ తెచ్చి పెట్టాడు. చుట్టూ రెండు మూడు మార్పులు చేసి నడిపించాడు. ఏడాది తర్వాత అదే మెషీన్ మరేదో రోగంతో నిదానం దగ్గరికి వెళ్లింది. నిదానం మూత విప్పాడు, నంబరు చదివాడు, ఆ ఉపాయం చూసి ముచ్చటపడ్డాడు, అలాగే ఇంకో నాలుగు మెషీన్లు బాగుచేశాడు. అందులో తప్పేముందని అతను అనుకున్నాడు. నోటికాడి ముద్ద లాక్కున్నాడని ఇతను అనుకున్నాడు. ఆ వారం నుంచి బొంగరం చొక్కా జేబులోకి ఒక సగం బ్లేడు చేరింది.

పెట్టిన ప్రతి చిప్ నెత్తినా ఆ బ్లేడుతో బరబరా గీకేవాడు. నంబరు చెరిగిపోతే ఇంకెవడూ చూసి నేర్చుకోలేడు కదా. ఆ వీధిలో ఇది వింతేం కాదు, ఇంకా కొందరు గీకేవాళ్లున్నారు. తెలివి తనదైనప్పుడు దాచుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ దాచినవాడికైనా ఎక్కడేం దాచాడో గుర్తుండాలా వద్దా? మనవాడికి రాసిపెట్టుకునే అలవాటు లేదు. రాయాలంటే కూర్చోవాలి. ఎనిమిదేళ్లు అలా గీకుతూనే ఉన్నాడు. తోడల్లుళ్ల మధ్య మాటలు పెళ్లిళ్లకీ, చావులకీ మాత్రమే మిగిలాయి.

ఆ రోజు పొద్దున్న పదకొండింటికి భార్య ఫోను చేసింది.

"ఏమండీ, అమ్మ ఆక్సిజన్ మెషీన్ ఆగిపోయింది. ఎర్ర లైటు వెలుగుతోంది. సిలిండరు తగిలించాను."

"సిలిండరు మీద ముల్లు ఎక్కడుంది?"

"సగానికి కిందే ఉంది."

అత్త ఉండేది బొంగరం ఇంట్లోనే. ఆవిడ ఊపిరితిత్తులు మూడేళ్ల క్రితమే మొరాయించాయి. రోజులో ముప్పాతిక భాగం ముక్కుకి గొట్టం ఉండాల్సిందే. సిలిండరు సగానికి కింద అంటే మూడు గంటలు, బతిమాలితే మూడున్నర. బొంగరం సొరుగులోంచి చేతికందిన పట్టీలన్నీ, చిప్‌లు వరసగా పొదిగి అమ్మేవి, జేబులో కుక్కుకుని షాపు షట్టరు సగం దించి బయల్దేరాడు. ఇల్లు పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాల్లో రెండు ఫోన్లు చేశాడు. సిలిండర్ల వాడు బండి సాయంత్రం ఏడు దాటాకే వస్తుందన్నాడు. అద్దె మెషీన్ల వాడు రేపు పొద్దున్న అన్నాడు.

ఆస్పత్రి లేదా అంటే, ఉంది. కిందటేడాది పందొమ్మిది రోజులు ఆవిడ అక్కడే ఉంది. వెళ్లినప్పుడున్న జబ్బు కంటే అక్కడ అంటుకున్న జబ్బు ఆవిడ్ని ఎక్కువ పీల్చేసింది. ఇంటికొచ్చిన రోజు చిన్నల్లుడి చెయ్యి పట్టుకుని, "నన్ను మళ్లీ అక్కడికి పంపొద్దు నాయనా. మెషీన్ సంగతి నీకు తెలుసు కదా, నువ్వే చూసుకో" అంది. చూసుకుంటానని మాటిచ్చాడు. ఆ మాట ఇప్పుడు అతని మెడకు చుట్టుకుని ఉంది.

గదిలో కిటికీ పక్కన మంచం, మంచం పక్కన చక్రాల మీద చిన్న బీరువాలాంటి ఆ మెషీన్. అత్త దిండ్లకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. పెదాలు కాస్త నీలంగా ఉన్నాయి. "కంగారు... పడకు" అంది. ఆ రెండు మాటలకే మధ్యలో ఆగాల్సి వచ్చింది.

మూతకి నాలుగు మరలు. బొంగరం మూడు విప్పి, నాలుగో దాని మీద మూతని పక్కకి తిప్పేసి లోపలికి దూరిపోయాడు. కరెంటు వస్తోంది. కంప్రెసర్ బాగుంది. వాల్వులు బాగున్నాయి. గాలి ఒత్తిడి కొలిచే చిప్ దగ్గర మీటరు పెడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పోయింది అదే.

"పది నిమిషాలు" అన్నాడు భార్యతో. ఐరన్ ప్లగ్గులో పెట్టి, టార్చి నోట్లో కరుచుకుని, చిప్ నంబరు చదవడానికి వంగాడు.

నంబరు లేదు. ఉండాల్సిన చోట అడ్డంగా బ్లేడు గీతలున్నాయి.

ఏ వెధవ గీకాడ్రా అని ఒక్క క్షణం నిజంగానే కోపమొచ్చింది. మరుక్షణం టార్చి నోట్లోంచి జారి ఒళ్లో పడింది. నాలుగు నెలల క్రితం, ఇదే గదిలో, ఇదే మంచం పక్కన నేలమీద కూర్చుని తనే గీకాడు. నిదానం ప్రతి వారం అత్తను చూడ్డానికి వస్తాడు, ఎప్పుడైనా మూత విప్పి చూస్తాడేమోనని గీకాడు. అత్త అప్పుడు మంచం మీదే ఉంది, ఆ బరబర చప్పుడు వింటూ.

ఆ చిప్ మూడు రకాల్లో వస్తుంది. మూడూ ఒకేలా ఉంటాయి, కాళ్లు ఒకటే, సైజు ఒకటే. పేరు చివర ఒకటి, రెండు, నాలుగు అనే అంకె ఒక్కటే తేడా. మెషీన్‌లో రెండు డబ్బాలుంటాయి. ఒకటి గాలిని వడకట్టి ఆక్సిజన్ ఇస్తుంటే రెండోది సేద తీరుతుంది. ఎప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలో చెప్పేది ఈ చిప్పే. తప్పు రకం పెడితే ఎర్ర లైటు వెలగదు. మెషీన్ హాయిగా గుర్రుమంటుంది, గొట్టంలోంచి గాలి వస్తుంది. వచ్చేది మాత్రం కిటికీలోంచి వచ్చే ఉత్త గాలే. మెషీన్ బాగానే ఉంటుంది, మనిషి ఉండదు.

కంపెనీ పుస్తకం చూద్దామంటే, కంపెనీ పెట్టిన చిప్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇది బొంగరం సొంత ఉపాయం. చుట్టూ చేసిన మార్పులు కూడా తనవే. ఆ నెలలో ఇలాంటి మెషీన్లు చాలా వచ్చాయి, ఒక్కోదాన్ని ఒక్కోలా సర్దాడు. ఏ పట్టీలో ఎన్ని తగ్గాయో లెక్కపెట్టి చూశాడు; మూడింటిలోనూ తగ్గాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాడు. తన గీతలే పెద్దవిగా కనిపించాయి. లేచాడు, కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. కాలు కాలిన పిల్లిలా ఆ గదిలో తిరుగుతుంటే అత్త కళ్లు మూసుకుంది.

"ఏమైందండీ? పది నిమిషాలన్నారు" అంది భార్య. అప్పటికి గంట దాటింది.

"మూడింట్లో ఏదో ఒకటి. రెండోదే అయ్యుంటుంది. లేకపోతే నాలుగు. పెట్టి చూద్దాం, అత్త వేలికి రక్తంలో ఆక్సిజన్ చూపే మీటరు తగిలించి. అంకె పడిపోతే తీసేసి ఇంకోటి పెడదాం."

భార్య చాలాసేపు అతని మొహంలోకి చూసింది. "అంటే మా అమ్మ మీద పరీక్ష చేస్తారా?" అంది.

అతను ఐరన్ కొనని వేలితో ముట్టుకున్నాడు. మెషీన్‌లోంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతముందో కొలిచే యంత్రం ఉంటే ఈ బాధ ఉండదు, కానీ అది ఆ వీధిలో ఎవరి దగ్గరా లేదు. చేతిలో మూడు పట్టీలున్నాయి. ఎప్పుడూ ఊహించే పెట్టాడు, ఎప్పుడూ సరిపోయింది. ఈసారి చెయ్యి ముందుకు పోవడం లేదు.

"బావని పిలవండి" అంది భార్య.

"వాడొచ్చి ఏం చేస్తాడు? చెరిపేసింది చెరిపేసినట్టే కదా."

"మరి మీరేం చేస్తున్నారు? నడుస్తున్నారు. నాకు నడవడం వచ్చు."

సిలిండరు ముల్లు ఖాళీ అని చెప్పే ఎర్ర గీతకు వేలి వెడల్పు దూరంలో ఉంది. బొంగరం మెట్లు దిగి వీధిలోకి వెళ్లాడు. మళ్లీ పైకొచ్చాడు. మళ్లీ దిగాడు. ఎనిమిదేళ్లుగా ఎదురుగా కనిపిస్తున్న మనిషికి ఫోను చెయ్యాలంటే నంబరు భార్యనడిగి తీసుకోవాల్సి వచ్చింది, అదొక సిగ్గు. అవతల ఫోను ఎత్తగానే ముందు అనుకున్న మాటలన్నీ మర్చిపోయాడు.

"అన్నయ్యా, అత్త మెషీన్ పోయింది. ఒత్తిడి చిప్. నేనే పెట్టాను. నేనే గీకాను. ఏది పెట్టానో నాకే తెలియడం లేదు."

"సిలిండరు ఎంతుంది?"

"గంటన్నర. తక్కువే అనుకో."

"ఐరన్ ఆపెయ్. ఏదీ పెట్టకు. వస్తున్నా."

వస్తున్నా అంటే వచ్చినట్టు కాదు, వస్తున్నవాడు నిదానం కదా. పది నిమిషాల దారికి అతనికి పావుగంట పైన పట్టింది. బొంగరం వీధి మలుపు దాకా మూడుసార్లు వెళ్లొచ్చాడు. నిదానం వచ్చాక బూట్లు విప్పి, జత కలిపి గోడవారగా పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. అత్త దగ్గరికి వెళ్లి, "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగి, ఆవిడ తల ఊపేదాకా నించున్నాడు. అప్పుడు సంచిలోంచి ఒక రేకు డబ్బా, భూతద్దం, సుద్దముక్క తీశాడు. ఈ మనిషి పీక పిసికితే ఏ సెక్షను కింద వస్తుందో అని బొంగరం లోపల లెక్కలు వేసుకుంటున్నాడు.

చిప్‌ని ఊడదీసి చిమ్టాతో పట్టుకుని నిదానం కిటికీ వెలుతురులో తిప్పాడు. సుద్దపొడి రుద్దాడు. పొడి అక్షరాల్లోకి పోలేదు, బ్లేడు గీతల్లోకి పోయి వాటినే తెల్లగా చేసింది.

"బాగా గీకావు" అన్నాడు. దెప్పినట్టు లేదు, ఉన్నమాట చెప్పినట్టే ఉంది. అదే బొంగరానికి ఎక్కువ గుచ్చుకుంది.

"అత్తయ్య ఊపిరి ఊది చదివేవారు, గుర్తుందా?" అన్నాడు నిదానం. ఆ మాట పూర్తయ్యేలోపే బొంగరం చిమ్టా లాక్కుని, చిప్ మీద ఫూ ఫూ అని ఊదాడు. సుద్దపొడి లేచి ఇద్దరి కళ్లలో పడింది.

"ఇటు... తే" అంది అత్త.

అందరూ అటు తిరిగారు. ఆవిడ కళ్లు తెరిచి చెయ్యి చాపి ఉంది. నిదానం చిప్‌ని గుడ్డతో తుడిచి చిమ్టాతో సహా ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ రెండో చేత్తో ముక్కు దగ్గర గొట్టం తీసేసింది.

"అమ్మా, గొట్టం తియ్యకు. నేను ఊదుతాను."

"నీకు రాదు. తడి... ఎక్కువైతే... అంతా కలిసిపోతుంది." అల్లుళ్ల వైపు చూసింది. "ఫూ కాదు. హా. చూడండి."

కళ్లజోడు తుడుచుకునేవాళ్లు అద్దం మీద ఊదినట్టు, నోరు కొంచెం తెరిచి, గొంతులోంచి మెల్లగా వెచ్చటి ఊపిరి వదిలింది. చిప్ మీద సన్నటి ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో ఏవో గీతలు, బ్లేడువి కానివి, తేలాయి. తేలిన మరుక్షణం బొంగరం ఆత్రంగా తల ముందుకు పెట్టాడు. అతని నీడ చిప్ మీద పడింది. నిదానం "తల తియ్యరా" అనేసరికి ఆవిరి ఆరిపోయింది.

అత్తకు దగ్గొచ్చింది. ఆగలేదు. భార్య గొట్టం తిరిగి పెట్టి వీపు రాస్తూ ఉంటే ఆవిడ మొహం నల్లబడింది, వేలికున్న మీటరులో అంకె ఎనభై అయిదు దగ్గరికొచ్చి అక్కడే కొట్టుకుంది. తన తల ఒక్క జానెడు ఆగలేక ఆవిడ ఒక ఊపిరి నష్టపోయింది. ఆవిడ దగ్గరున్నవే లెక్కపెట్టగలిగినన్ని ఊపిర్లు. బొంగరానికి ఏడుపొచ్చింది. పెళ్లాం ముందు, తోడల్లుడి ముందు కళ్లు తుడుచుకున్నాడు.

"చాలు అత్తయ్యా, ఆస్పత్రికి వెళ్దాం" అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాసేపటికి చిమ్టా కోసం మళ్లీ చెయ్యి చాపింది.

ఈసారి బొంగరం నేలమీద కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద బరువేసి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత కదలకుండా కూర్చోవడం అదే మొదలు. మోకాలు అదరబోతే పళ్లు బిగించాడు. నిదానం టార్చిని పక్కనుంచి, దాదాపు చిప్‌కి సమంగా పట్టుకుని, భూతద్దం కంటి దగ్గర పెట్టుకున్నాడు. అత్త గొట్టం తీసింది.

"హా..."

"ఆఖరి అంకె పైన వంపుంది" అన్నాడు నిదానం. తొందరేం లేదు గొంతులో. "ఒకటికి వంపుండదు. నాలుక్కీ ఉండదు. కింద అడ్డగీత కూడా కనిపిస్తోంది. రెండు."

ఎనిమిదేళ్ల కసితో గీకిన అంకె ఎలా మిగిలిందంటే, మనవాడు గీకడం మాత్రం పూర్తిగా గీకితే కదా. మూడు గీతలు గీసి, నాలుగోది గీసే ఓపిక లేక మూత పెట్టేశాడు. గోడమీద సున్నాలాగే.

"చెప్పానా, రెండే అని" అంటూ బొంగరం లేచి రెండో రకం పట్టీ చింపబోయాడు. నిదానం అతని మణికట్టు పట్టుకున్నాడు.

"మూడో వరస చదివావా?"

"ఏ వరస?"

"పట్టీలోవి నువ్వింకా గీకలేదు కదా. చదువు."

బొంగరం చదివాడు. పందొమ్మిది, ముప్పై ఒకటి. పందొమ్మిదో సంవత్సరం, ముప్పై ఒకటో వారం. అది అతని సొరుగులో అయిదు నెలలుగా ఉంది. రకం చూశాడు కానీ వారం ఏనాడూ చూడలేదు.

"ముప్పై ఒకటో వారం సరుకులో లోపముంది" అన్నాడు నిదానం. "నాలుగైదు నెలలకి మించి బతకడం లేదు. నా దగ్గరికి మూడు తిరిగొచ్చాయి. మూడింటి మీదా అదే వారం. పోయేది కూడా ఒక్కసారిగా పోదు. ముందు కొన్నాళ్లు తప్పు లెక్క చెబుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఇది నీకు రెండు నెలల కిందటే చెప్పాల్సింది. వీధి దాటి రావడానికి మనసొప్పలేదు. అంతే."

పోయిన చిప్ కూడా ఈ పట్టీలోదే, అదెందుకు పోయిందో అప్పుడు తెలిసింది. అత్త ఈ రెండు వారాలుగా నీరసంగా ఉందంటే వయసు అనుకున్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు తన్నుకుంటూ ఉంటే, దెబ్బ మంచం మీదున్న ముసలావిడకు తగిలింది.

నిదానం రేకు డబ్బాలోంచి నలభై నాలుగో వారం చిప్ తీసిచ్చాడు. అతికించే పని మాత్రం బొంగరానికే వదిలాడు. ఆ చేతి వేగం తనకి రాదని అతనికి తెలుసు. ఎనిమిది కాళ్లూ నిమిషంలో అతుక్కున్నాయి. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగి ఆరింది, కంప్రెసర్ గుర్రుమంది, డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి ఊపిరి తీయడం మొదలుపెట్టాయి. భార్య గొట్టం మార్చింది. సిలిండరు ముల్లు ఎర్ర గీత మీదే ఉంది. వేలి మీటరులో ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, తొంభై. అరగంటకు తొంభై మూడు.

అప్పుడొకటి జరిగింది. మూత పెట్టే ముందు బొంగరం కుడిచెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి వెళ్లి, సగం బ్లేడు తీసి, కొత్త చిప్ నెత్తి మీదికి వచ్చింది. అతను పంపలేదు. ఎనిమిదేళ్ల అలవాటు, చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. గదిలో ముగ్గురూ ఆ చేతినే చూస్తున్నారని అతనికి తల ఎత్తకుండానే తెలిసింది. బ్లేడు చిప్‌కి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

అతను మూతని ఒళ్లోకి తీసుకుని, లోపలి పక్క తిప్పాడు. "అన్నయ్యా, నంబరు చదువు" అన్నాడు.

నిదానం చదివాడు. పేరు, చివర రెండు, సంవత్సరం, వారం. బొంగరం ఆ బ్లేడు కొనతోనే మూత రేకు మీద ఒక్కో అంకే చెక్కాడు. చుట్టూ చేసిన మార్పులు కూడా చెక్కాడు. చెక్కుతుంటే ఫోను మోగింది, తీయలేదు. చివరి అంకె దాకా కూర్చున్నాడు, ఆ తర్వాత నాలుగు మరలూ బిగించాడు.

"ఈ పట్టీ కొన్నప్పుడు ఎన్నున్నాయి?" అని అడిగాడు నిదానం.

"ఇరవై అయిదు."

"ఇప్పుడు?"

బొంగరం లెక్కపెట్టాడు. "పద్దెనిమిది." అని, లెక్క అర్థమై లేచి నించున్నాడు. ఏడు పోయాయి. ఒకటి ఇక్కడిది. ఆరు ఇంకో ఆరిళ్లలో, ఆరు మంచాల పక్కన ఉన్నాయి. నెత్తిన నంబరు లేకుండా. "దర్జీ వాళ్లమ్మకి ఒకటి పెట్టాను. ఆ బస్సు డ్రైవరు భార్యకి... కాదు, ఆవిడకి నాలుగో రకం పెట్టానేమో. గుర్తు లేదన్నయ్యా. ఈ అయిదు నెలల్లో చేసినవన్నీ విప్పి చూడాలి."

అత్త కళ్లు తెరిచింది. మాట ఇప్పుడు కాస్త తిన్నగా వస్తోంది. "విప్పడం తర్వాత. ముందు ఫోన్లు చెయ్యండి. వాళ్లింట్లో సిలిండరుందో లేదో అడగండి."

బొంగరం మెట్లు దిగుతూనే దర్జీకి ఫోను చేశాడు. దర్జీ కుట్టుమిషను ఆపి మాట్లాడాడు.

"మెషీన్ భేషుగ్గా నడుస్తోందండీ. మీ చేతి పని, దానికేం? అమ్మే ఎందుకో నాలుగు రోజుల్నుంచి మంచం దిగడం లేదు. వయసు కదా."

బొంగరం కాలు కింది మెట్టు మీద ఆగిపోయింది. "సిలిండరుందా మీ ఇంట్లో?"

"మూలన చిన్నదేదో ఉండాలండీ. ఎందుకు?"

"అది తగిలించండి. ఇప్పుడే. మెషీన్ గొట్టం తీసేసి సిలిండరు గొట్టం పెట్టండి. మేమిద్దరం వస్తున్నాం."

వెనక మెట్ల మీద దబదబమని చప్పుడైంది. రేకు డబ్బా చంకలో పెట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, నిదానం పరిగెత్తుకొస్తున్నాడు.